పెంటదిబ్బయు ప్రభుత్వమును

2025 వ సంవత్సరపు వానకాలమున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెండింటను రైతులు పడిన యగచాట్లను మా పాఠకులు మఱచియుండరు. నాట్లు ముగిసి పైరునకు ఎరువు వేయవలసిన యదనున, ఒక్క యూరియా బస్తాకై రైతు తెల్లవారకముందే సహకార సంఘపు వాకిట నిలువవలసివచ్చెను. కాలిచెప్పులను వరుసలో నుంచి తాము చెట్టునీడను కూర్చున్న కాపుల ఛాయాచిత్రములు పత్రికలలో వెలువడెను. కేంద్రము పంపలేదని కొందఱును, వర్తకులు దాచిరని కొందఱును వాదించిరి. ఆ తగవులోనికి మేము దిగము. మా ప్రశ్న వేఱు. నలుగురకు అన్నము పెట్టు చేయి, కొన్ని తెల్లని పలుకులకొఱకు పరుల వాకిట చాచవలసిన గతి యెట్లు పట్టెను? మన తాతలనాడు పొలమునకు ఎరువు ఇంటి పెరటిలోనుండి వచ్చెడిది. నేడది ఓడ దిగి రావలసియున్నది. ఈ మార్పును గూర్చియు, దీనిని సరిదిద్దుటకు ప్రభుత్వములు చేయుచున్న ప్రయత్నములను గూర్చియు నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

మన రైతునకు ఎరువుల సంగతి తెలియదని యొకప్పుడు పరిపాలకులు తలంచెడివారు. ఆ సంగతి తేల్చుటకై 1889 లో ఆంగ్లప్రభుత్వము వోల్కరు అను రసాయన శాస్త్రజ్ఞుని ఈ దేశమునకు పంపెను. ఆయన దేశమంతయు తిరిగి 1893 లో ప్రకటించిన నివేదికలో, భారతీయ కర్షకుడు మూఢుడు కాడనియు, అనేక విషయములలో ఆంగ్లదేశపు రైతునకు తీసిపోడనియు ఒప్పుకొనెను. ఆయన కనుగొన్న లోపమెల్ల, పేడ పొలమునకు పోక పిడకలై పొయ్యిలోనికి పోవుచున్నదనునదే. వంటచెఱకు చాలినంత దొఱకినచో పేడ నేలకు దక్కునని ఆయన సలహా. నూట ముప్పది యేండ్లు గడచినను ఆ సలహాకు వన్నె తగ్గలేదు.

తరువాత వచ్చినవాడు ఆల్బర్టు హోవర్డు. 1905 లో పూసా పరిశోధనాలయమునకు వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చిన ఈయన, మనవారికి వ్యవసాయము నేర్పవలెనని వచ్చి, తానే మన రైతువద్ద శిష్యుడయ్యెను. రైతును, పైరును పట్టు పురుగులను తన గురువులుగా నెంచితినని ఆయనయే చెప్పుకొనెను. 1924 మొదలు 1931 వఱకు ఇందూరు నగరమున నుండి, ఆకు, అలము, పేడ, మూత్రముతో తడిసిన మన్ను, బూడిద, వీనిని పొరలు పొరలుగా పేర్చి, తగిన తడియు గాలియు చూపి, కలియబెట్టి, మూడునెలలలో చక్కని ఎరువు చేయు విధానమును శాస్త్రీయముగా రూపొందించెను. 'ఇందూరు పద్ధతి' అను పేర నది లోకమంతటను వ్యాపించినది. 1940 లో ఆయన ప్రకటించిన గ్రంథము పాశ్చాత్యదేశములలో సేంద్రియ వ్యవసాయోద్యమమునకు మూలాధారమైనది. 1939 ప్రాంతమున బెంగుళూరు విజ్ఞానసంస్థలో ఆచార్య యను మన శాస్త్రజ్ఞుడు, పట్టణముల చెత్తను, మలమును గోతులలో మాగబెట్టి ఎరువు చేయు పద్ధతిని కనిపెట్టెను. కావున నేడు విదేశపు ముద్రవేసికొని అంగళ్లలో కనబడుచున్న ఈ 'సేంద్రియ'మను మాటకు పుట్టినిల్లు మన పల్లెయే యని మా పాఠకులు గ్రహింతురుగాక.

మన తెలుగుదేశమునందును ఈ విద్య కొఱవడలేదు. పాటిదిబ్బల మన్ను త్రవ్వి బండ్లతో తోలుకొనుట, వేసవిలో ఎండిన చెఱువుల ఒండ్రు చేలకు చేర్చుట, గొఱ్ఱెలమందను రాత్రులు చేనిలో కట్టించుట, వరికోతకు ముందే పిల్లిపెసరయో జనుమో చల్లుట, కంది, జొన్న, అనుములు కలిపి విత్తుట, ఇవి యన్నియు పుస్తకములలో చదివి నేర్చినవి కావు. మందను కట్టినందుకు గొఱ్ఱెలకాపరికి ధాన్యము కొలుచు ఆచారమున్న యూళ్లు నేటికిని గలవు. వాకిటి పెంటపోగు ఎంత పెద్దదైన ఆ యిల్లు అంత కలిగినదని సంబంధములు చూచువారు లెక్కించెడివారు. ఆ పెంటపోగే నేడు చాల యిండ్ల యెదుట మాయమైనది. కాడియెడ్లు ట్రాక్టరునకు చోటిచ్చెను. కోతయంత్రము వచ్చిన చోట గడ్డి చేలోనే తగులబడుచున్నది. పేడ లేదు, గడ్డి లేదు, ఇక ఎరువెక్కడిది?

రసాయనపు టెరువులను మేము దూషింపబోము. న్యాయము చెప్పవలెనన్న, అవి దేశమునకు చేసిన మేలు గొప్పది. 1943 నాటి వంగదేశపు కాటకమును కన్నులార చూచిన తరమువారు, సింద్రీ కర్మాగారము 1951 లో పని ప్రారంభించినపుడు సంతోషించుట సహజము. ఆ పిమ్మట పొట్టివంగడముల గోధుమయు వరియు వచ్చి, కాలువనీరును యూరియాయును తోడై, పరదేశపు గోధుమ ఓడలకై ఎదురుచూచు దుర్దశనుండి మనలను తప్పించెను. ఆ ఋణమును మఱచుట కృతఘ్నత. కాని ఔషధము ప్రాణము నిలిపినదని దానినే అన్నముగా భుజింపవచ్చునా? జరిగిన పొరపాటిదియే. నేలకు తోడుగా వచ్చిన యూరియా, నేలకు బదులుగా నిలిచినది.

దీని ఫలితములు మూడువిధములుగా నున్నవి. మొదటిది నేల సంగతి. మట్టిలో సేంద్రియ కర్బనము నూటికి అరవంతుకంటె తక్కువయైన దానిని నిస్సారమని మన భూసార పరీక్షాలయములు నిర్ణయించుచున్నవి; మన మెట్ట పొలములలో పెక్కింటికి ఆ యరవంతైనను లేదు. కర్బనము తగ్గిన నేల నీటిని పట్టజాలదు. వేసిన యెరువును నిలుపుకొనజాలదు. కావున ఏటేట బస్తా పెరుగుచున్నది, పంట పెరుగుటలేదు. రెండవది స్వాతంత్ర్యపు సంగతి. యూరియా మన కర్మాగారములలోనే చాలవఱకు తయారగుచున్నదని సంతోషింపవచ్చును గాని, దానిని చేయు వాయువులో పెద్దపాలు పరదేశములనుండి వచ్చుచున్నది. భాస్వరపు టెరువునకు ముడిసరకు చాలవఱకు పరదేశపుదే. పొటాషు దాదాపు పూర్తిగా పరదేశపుదే. 2022 లో యూరపున యుద్ధము పుట్టగా ఆ సెగ మన చేలగట్లదాక తగిలెను. మూడవది ఖజానా సంగతి. నలుబదియైదు కిలోల యూరియా బస్తాను రైతునకు రు. 266.50 కు ఇచ్చుచున్నారు. అసలు వెలలో అధికభాగము ప్రభుత్వము భరించును. ఇట్లు ఎరువుల రాయితీక్రింద 2022-23 లో సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలును, 2023-24 లో సుమారు ఒక లక్ష యెనుబది యెనిమిది వేల కోట్లును వ్యయమయ్యెను.

ఈ చిక్కును మొట్టమొదట గుర్తించినవారు అధికారులు కారు, దెబ్బతిన్న రైతులు. 1997-98 లో ఓరుగల్లు ప్రాంతపు ప్రత్తిచేలపై పురుగు విరుచుకుపడినపుడు, మందుపై మందు చల్లి, అప్పుపై అప్పు చేసి, చివరకా మందే త్రాగి వందలకొలది కాపులు ప్రాణములు తీసికొనిరి. ఆ శోకమునుండియే ఒక వివేకము పుట్టినది. ఖమ్మము మండలమునందలి పునుకుల గ్రామమువారు స్వచ్ఛందసేవకుల సాయముతో, వేపగింజల కషాయము, దీపపు టెరలు, చేను చుట్టును ఆముదము, బంతి వంటి ఎరపంటలు, వీనితో పురుగును అదుపు చేయ నేర్చి, 2004 నాటికి తమ యూరిలో పురుగుమందు వాడబోమని తీర్మానించుకొనిరి. ఓరుగల్లు ప్రాంతపు ఏనెబావి గ్రామము ఇంకొక యడుగు ముందునకు వేసి, 2006 లో ఎరువులలోను మందులలోను రసాయనమును బొత్తిగా విడిచినట్లు ప్రకటించెను. ఊరందఱిది ఒక దారి యైన ఉలిపికట్టెది ఒక దారి యని మొదట నవ్వినవారే తరువాత చూడవచ్చిరి.

అప్పటి ఉమ్మడి రాష్ట్రప్రభుత్వము ఈ వెలుగును చూచి, గ్రామీణ దారిద్ర్య నిర్మూలన సంస్థద్వారా స్త్రీల పొదుపు సంఘములను ఆధారముగా చేసికొని, పురుగుమందులు లేని సేద్యమును ఇతర గ్రామములకు వ్యాపింపజేసినది. ఈ మార్గము మిక్కిలి మెచ్చదగినది. ఏలయనగా, ఆజ్ఞాపత్రముతో ఏ రైతును మారడు. తనవంటి మఱొక రైతు చేను చూచి మారును. రాష్ట్ర విభజనానంతరము ఆంధ్రప్రభుత్వము 'రైతు సాధికార సంస్థ' యను పేర నొక ప్రత్యేక సంస్థను నెలకొల్పి, విశ్రాంత ఐ.ఏ.ఎస్. ఉద్యోగి యగు శ్రీ టి. విజయకుమారుగారి నాయకత్వమున, 2016 నుండి ప్రకృతి వ్యవసాయమును నడిపించుచున్నది. మహారాష్ట్రమునకు చెందిన శ్రీ సుభాష్ పాలేకరుగారి బోధనలు దీనికి తొలి ప్రేరణ. ఆవుపేడ, మూత్రము, బెల్లము, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను నీటిలో కలిపి రెండుదినములు పులియబెట్టిన జీవామృతము, విత్తనమునకు బీజామృతము, తొలకరికి ముందే నవధాన్యములు చల్లి నేలను ఏడాది పొడుగున పచ్చగా నుంచుట, ఇవి యీ పద్ధతికి ముఖ్యాంగములు. చేసి చూపిన రైతే ఇతరులకు గురువు. 2024 లో పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ సంస్థవారు మానవసేవకై యిచ్చు పదిలక్షల యూరోల బహుమానమును మఱియిద్దఱితో పాటు ఈ యుద్యమమునకు పంచియిచ్చిరి. పదిలక్షలకు పైబడిన చిన్నకమతపు రైతులకు, అందులో ముఖ్యముగా స్త్రీలకు, ఇది దారి చూపుచున్నదని ఆ సందర్భమున ప్రకటించిరి. తెలుగు రైతునకు లభించిన ఈ గౌరవమునకు మేము హర్షించుచున్నాము.

హర్షము హర్షమే, లెక్క లెక్కయే. 2024 నాటికి రాష్ట్రమునందలి అఱువది లక్షల రైతులను, రెండుకోట్ల యెకరములను ఈ మార్గమునకు త్రిప్పుదుమని 2018 లో ప్రకటించిరి. గడువు వచ్చినది, పోయినది. చేరినది అందులో ఆఱవవంతు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లు, విత్తకముందే రాశి కొలిచి చాటుట మన ప్రభుత్వములకు అలవాటైనది. పదిలక్షలమంది రైతులు చేరుట చిన్నపని కాదు. కాని అఱువది లక్షలని చాటుటవలన ఆ పదిలక్షలును చిన్నవై కనబడుచున్నవి.

ఢిల్లీలోని ప్రభుత్వమును ఊరకుండలేదు. 2001 లో ఎగుమతుల నిమిత్తము సేంద్రియోత్పత్తులకు జాతీయ ప్రమాణములను ఏర్పఱచిరి. 2015 లో 'పరంపరాగత కృషి వికాస యోజన' యను పేర, ఏబదిమంది రైతులు ఏబది యెకరములతో గుంపుగా చేరినచో, ఎకరమునకు మూడేండ్లలో ఇరువదివేల రూపాయలు సాయముగా నిచ్చు పథకమును ఆరంభించిరి. 2023 లో, రసాయనపు టెరువులను తగ్గించిన రాష్ట్రమునకు మిగిలిన రాయితీలో సగము ఇత్తుమనిరి. 2024 నవంబరులో జాతీయ ప్రకృతి వ్యవసాయ ప్రణాళికను అంగీకరించి, కేంద్ర రాష్ట్రములు కలిసి రు. 2,481 కోట్లు కేటాయించి, పదునైదువేల గుంపులలో కోటిమంది రైతులకు, ఏడున్నర లక్షల హెక్టారులకు దీనిని అందింతుమనిరి.

ఈ యంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. 2023-24 నాటి ఎరువుల రాయితీని దినములచే భాగింపగా, దినమునకు సుమారు ఐదువందల పదునైదు కోట్లగును. అనగా ప్రకృతి వ్యవసాయపు ప్రణాళిక మొత్తము, రసాయనపు టెరువులపై ప్రభుత్వము ఐదుదినములలో వెచ్చించు సొమ్మునకు సమానము కాదు! ఒకచేత వీపు తట్టుచు, రెండవచేత వేఱొక బాటకు లాగుచున్నచో రైతెటు పోవును? బలమైన చేయి లాగినవైపే పోవును. రైతు మూఢుడు కాడు, లెక్క తెలిసినవాడు. రు. 266.50 కు బస్తా దొఱకుచుండగా, రెండుబండ్ల పెంటను తోలి, చల్లి, దున్నుటకగు కూలి ఎంతయో వానికి తెలియును.

ఇంతకంటె కఠినమైన లెక్క యొకటి యున్నది. దానిని మేము దాచదలచుకొనలేదు. బస్తా యూరియాలో ఇరువది కిలోలకు పైగా నత్రజని యున్నది. సామాన్యమైన పశువుల యెరువులో నత్రజని నూటికి అరవంతు. కావున ఒక బస్తాకు సరితూగవలెనన్న నాలుగు టన్నుల ఎరువు కావలెను. అందును మొదటి యేట పైరునకు దక్కునది కొంతయే. ఇక జీవామృతమా, ఎకరమునకు చల్లు రెండువందల లీటర్లలోని నత్రజని గుప్పెడునకు మించదు. అది ఎరువు కాదు, నేలలోని సూక్ష్మజీవులను మేల్కొల్పు తోడు మాత్రమే యని దానిని బోధించువారే చెప్పుచున్నారు. ఈ కారణముననే 2019 లో జాతీయ వ్యవసాయ శాస్త్రముల అకాడమీవారు, పరీక్షకు నిలువని పద్ధతికి ప్రజాధనము వెచ్చింపరాదని హెచ్చరించిరి. మఱొకవైపున, ఆంధ్రదేశపు రైతుల పొలములలోనే పరీక్షలు జరిపి 2023 లో ఫలితములు ప్రకటించిన రెడింగు విశ్వవిద్యాలయము మొదలగు సంస్థల పండితులు, ప్రకృతి వ్యవసాయమున దిగుబడి తగ్గలేదనియు, కొన్నియెడల హెచ్చినదనియు చెప్పిరి. పెద్దలలో భేదాభిప్రాయము కలిగినచోట ప్రభుత్వము చేయవలసినది ఏదో యొకదానికి జెండా యెత్తుట కాదు. జిల్లాకొక చోట, నల్లరేగడిలో, చల్కలో, డెల్టా మాగాణిలో, పదేండ్లపాటు రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన సాగుచేయించి, తూకపు లెక్కలను గెలిచినను ఓడినను ప్రజలముందుంచుట. అట్టి బహిరంగపు లెక్కయే అనుమానమునకు మందు.

తొందరపాటు ఎంత ముప్పు తెచ్చునో మన పొరుగున సింహళద్వీపము చాటినది. 2021 మే నెలలో ఆ దేశాధ్యక్షుడు ఒక్క కలపుపోటుతో రసాయనపు టెరువుల దిగుమతిని నిషేధించెను. నేలను సిద్ధపఱచలేదు, సేంద్రియపు టెరువును సమకూర్చలేదు, రైతునకు శిక్షణ నీయలేదు. విదేశద్రవ్యము అడుగంటిన కష్టమును కప్పిపుచ్చుటకే ఈ సేంద్రియమంత్రమును పఠించిరని యనేకులు తలంచిరి. వరి తగ్గెను, తేయాకు తగ్గెను, ధరలు మండెను. నవంబరునాటికే నిషేధమును ఎత్తివేయవలసివచ్చెను. మఱుసటి యేడు దేశమే దివాలాతీయగా, అధ్యక్షుడు దేశము విడిచి పాఱిపోయెను. ఆ పతనమునకు ఎరువుల నిషేధమొకటే కారణము కాదు గాని, అగ్నికి అది యాజ్యమైనదనుట నిజము. ప్రభుత్వము చేసిన తప్పునకు సేంద్రియ వ్యవసాయము అపకీర్తి మోసినది.

దీనికి ప్రతిగా సిక్కిము రాష్ట్రమును చూడుడు. 2003 లో సంకల్పించిరి; ఏటేట ఎరువుల రాయితీని కొంత కొంత తగ్గించుచు వచ్చిరి; 2010 లో ప్రత్యేక ప్రణాళిక ప్రారంభించిరి; సుమారు డెబ్బదియైదువేల హెక్టారులకు ధ్రువపత్రములిప్పించి, 2016 జనవరిలో సంపూర్ణ సేంద్రియ రాష్ట్రమని ప్రకటించుకొనిరి. పండ్రెండు పదుమూడేండ్లు పట్టినది. ఆ కొండసీమలో మొదటినుండియు రసాయనము వాడుక స్వల్పమనియు, తినుబియ్యమునకై నేటికిని మైదానముపై ఆధారపడుచున్నారనియు మఱువరాదు. గోదావరి, కృష్ణ డెల్టాలు దేశమునకు ధాన్యాగారములు. వానిని సిక్కిముతో పోల్చుట తగదు. ఐనను, తొందరపడక తడబడక నడచుట యెట్లో సిక్కిము నేర్పుచున్నది.

ఇక చేయవలసినదేమి? మాకు తోచిన మాటలను విన్నవింతుము.

మొదటిది, మార్పు కాలపు భారము. నిస్సారమైన నేల తేరుకొనుటకు రెండుమూడేండ్లు పట్టును. ధ్రువపత్రమునకును, ఏకవార్షికపు పైర్లకు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు గడువు విధించిరి. ఆ కాలమున దిగుబడి తగ్గవచ్చును. హెచ్చుధర మాత్రము రాదు. 'ఆ రెండేండ్లు నా యిల్లు ఎవరు గడపుదురు?' అని రైతు అడుగుచున్నాడు. క్రొత్త ప్రణాళికలో ఎకరమునకు ఏడాదికి నాలుగువేల చొప్పున రెండేండ్లు ఇత్తుమనిరి. మంచిదే, కాని ఒక్క పంటలో నాలుగు బస్తాల ధాన్యము తగ్గెనా, ఆ నాలుగువేలును కరగిపోవును. విడిచిన యూరియాకు మిగిలిన రాయితీని రాష్ట్రము ఖజానాలో నుంచుకొనక, విడిచిన రైతు చేతికే నేరుగా ముట్టజెప్పవలయును. తాను మిగిల్చిన సొమ్ము తనకే వచ్చునని తెలిసిన రైతునకు వేఱు బోధ అక్కఱలేదు.

రెండవది కౌలు సంగతి. ఇది మా పాఠకులలో భూస్వాములైన వారికి నేరుగా చేయు మనవి. డెల్టాలో చాలభాగము సాగుచేయుచున్నవారు కౌలుదారులని మీరెఱుగుదురు. కౌలు ఏటికేడు మారును. 2019 నాటి చట్టమైనను కౌలుదారునకు పదునొకండు నెలల కాగితమునే చూపినది. పదునొకండు నెలలలో చేను విడువవలసినవాడు మూడేండ్లకు ఫలించు పెంటను ఎందులకు తోలును? వాని దృష్టి యంతయు ఈ పంటపైననే. కావున యూరియా బస్తాయే వానికి దిక్కు. నేల మీది, నిస్సారమగుచున్న సొత్తు మీది. మీరు పట్టణమున నుండి శిస్తు వసూలు చేసికొనుచుండగా, అక్కడ మీ పిల్లల యాస్తి ఏటేట కొంచెము కొంచెముగ కరగుచున్నది. ఐదేండ్లకు తక్కువ కాకుండ కౌలు వ్రాసియిండు. జీలుగయో జనుమో చల్లి దున్నించిన యేట శిస్తులో కొంత తగ్గింపుడు. గోరక్షణమునకు గడ్డిని చేలోనే కాల్పనీయకుడు. చట్టము అడ్డమైనచో ప్రభుత్వము చట్టమును సవరింపవలయును. భూస్వామి హక్కునకు భంగము లేకుండ దీర్ఘకాలపు కౌలునకు రక్షణ కల్పించుట అసాధ్యమేమియు కాదు.

మూడవది, పచ్చిరొట్టయు చెఱువుమట్టియు. పశువులు తగ్గిన యీ దినములలో పేడనొక్కదానినే నమ్మి కూర్చుండుట వ్యర్థము. బాగుగ పెరిగి పూతకు వచ్చిన జీలుగను నేలలో త్రొక్కించినచో, ఎకరమునకు ఇంచుమించు ఒక బస్తా యూరియాలోని నత్రజని చేరును. గాలిలోని నత్రజనిని పట్టి తెచ్చు ఈ పైరుకు ఓడ అక్కఱలేదు, కర్మాగారము అక్కఱలేదు. అదనుకు విత్తనము మాత్రము కావలెను. ఆ విత్తనము తొలకరికి పదిదినములు ఆలస్యముగ గోదాములకు చేరుచున్నదని ఏటేట వినవచ్చు మొఱను మాన్పినచో, ఒక గొప్ప పథకమునకంటె నెక్కువ మేలగును. 2015 లో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన 'మిషన్ కాకతీయ'లో చెఱువుల పూడిక తీసి రైతుల చేలకు చేర్చిరి. చెఱువునకు లోతు, చేనికి సత్తువ. ఒక్క పనికి రెండు ఫలములు. ఇట్టివానిని ప్రభుత్వము మాఱినను మానరాదు.

నాలుగవది పట్టణవాసుల విధి. పొలమునుండి బయలుదేఱిన సారమంతయు బియ్యమై, కూరగాయలై, పండ్లై పట్టణమునకు చేరుచున్నది. తిరిగి పొలమునకు పోవుచున్నదేమి? ఏమియు లేదు. తొక్కలును ఎంగిలాకులును సీసపుపెంకులతోను, ప్లాస్టికు సంచులతోను కలిసి ఊరిబయట కొండలై పొగలు గ్రక్కుచున్నవి. తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివద్దనే వేఱుచేయవలెనని 2016 లో నిబంధనలు చేసిరి. పట్టణపు చెత్తతో చేసిన ఎరువునకు టన్నునకు రు. 1,500 చొప్పున సాయము ప్రకటించిరి. కాని గాజుపెంకున్న ఎరువును ఏ కాపు తన చేనిలో చల్లును? వట్టికాలితో దున్నువాని పాదము మీ వంటయింటి జాగ్రత్తపై నాధారపడియున్నదని పట్టణపు గృహిణులును గృహస్థులును తలంపవలయును. ఆచార్య కనిపెట్టిన బెంగుళూరు పద్ధతి ఎనుబదియైదేండ్లుగా మన పురపాలక సంఘముల ముంగిట వేచియున్నది.

ఐదవది ధ్రువపత్రమును అంగడియును. ఎగుమతికి ఒక ముద్ర, దేశమున అమ్మకమునకు రైతుల పరస్పర హామీపై నింకొక ముద్ర, ప్రకృతి వ్యవసాయమునకు వేఱొక ముద్ర. ఇన్ని ముద్రలలో కొనువాడు ఏది నమ్మునో తెలియదు. మోసగాడు మామూలు బియ్యమునకు ఆకుపచ్చ సంచి తొడిగి రెండింతల ధరకు అమ్ముచుండగా, నిజముగ పండించిన రైతు మిల్లులో అందఱి ధాన్యముతో పాటు కలిపి పోయుచున్నాడు. ప్రభుత్వమే పాఠశాలల మధ్యాహ్న భోజనమునకును, అంగన్‌వాడీలకును, ఆసుపత్రులకును, తిరుమల మొదలగు దేవస్థానముల ప్రసాదములకును ఈ ధాన్యమును న్యాయమైన ధరకు కొనునట్లు ఏర్పాటు చేసినచో, వేఱు ప్రకటనలు అనవసరము. మొట్టమొదట బిడ్డలకు శుద్ధాన్నము దక్కును. రైతునకు నిలుకడయైన కొనుగోలుదారు దొఱకును.

ఇవి యన్నియు ఒక్కసారి జరుగునని మేము భ్రమపడుటలేదు. యూరియాను ఒక్కదినమున మానుమని మేము చెప్పుటలేదు. సింహళపు దారి మనకు వలదు. పది బస్తాలు వాడుచోట ఎనిమిది, మఱుసటియేడు ఆఱు. తగ్గించిన ప్రతి బస్తాకు మాఱుగా నేలలోనికి పచ్చిరొట్టయో, చెఱువుమట్టియో, పెంటయో చేరవలయును. నేల తేరుకొన్నకొలది బస్తా తానే తగ్గును. ప్రభుత్వపు పని దారి చూపుటయు, దారిలో పడినవానిని లేవనెత్తుటయు, లెక్క నిజముగ చెప్పుటయు. కడమ పని మనది.

ఇచ్చట నొక మాట. దీనిని 'పాతకాలమునకు పోవుట' యని పరిహసించువారు గలరు. 'మన ఋషులకు తెలియనిదేమున్నది' యని శాస్త్రపరీక్షను త్రోసివేయువారును గలరు. ఈ రెండు గర్వములును నేలకు చేటే. హోవర్డు మన రైతు అనుభవమును నిరసింపలేదు, తూకమును విడువలేదు. రెండింటిని జోడుకాడి యెడ్లవలె కట్టి దున్నెను. ఆ త్రోవయే మనకును త్రోవ.

బ్యాంకులోని మూలధనమును తిని, వడ్డీ తినుచున్నామని భ్రమించు గృహస్థును లోకము తెలివితక్కువవా డనును. నేలసారము మన తాతలు కూడబెట్టిన మూలధనము. ఏబదియేండ్లుగా మనము తినుచున్నది వడ్డీ కాదు, మూలధనము. 2025 లో సంఘపు వాకిట వరుసలో నిలిచిన ఆ చెప్పుల జతలు ఆ సంగతినే మనకు తెలిపినవి. రానున్న వేసవిలో మన చెఱువులు ఎండకపూర్వమే, మన పెరటిలో పెంటదిబ్బ లేవకపూర్వమే, ఈ హెచ్చరికను మఱచిపోవుదుమా? భూస్వాములు కౌలుకాగితము తిరిగి వ్రాయునపుడును, పట్టణవాసులు చెత్తబుట్ట చేతబట్టినపుడును, మంత్రులు మఱుసటి వత్సరపు ఆదాయవ్యయపట్టిక ముందు కూర్చుండినపుడును ఆ వరుసను ఒక్కమాఱు తలంతురుగాక యని మా ప్రార్థన.